స్క్రిప్టు చాలుతుందా, ప్రోగ్రామింగ్ భాష కావాలా? పనిని చూసి తేల్చుకునే పద్ధతి

తిరుపతిలోని చిన్న కార్యాలయాలకూ లాడ్జీలకూ, చిత్తూరు వైపు మామిడి మండీలకూ కంప్యూటరు పనులు చేసిపెట్టే నా వంటి వారి దగ్గరికి వచ్చే కోరికలు చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. రాత్రి పది గంటలకు లెక్కల ఫోల్డరు మరో డిస్కుకు చేరాలి. మూడు నెలలు దాటిన స్కాన్ ప్రతులు వాటంతట అవే చెరిగిపోవాలి. తూకం చీటీల జాబితా నుంచి ఏ రైతుకు ఎంత చెల్లించాలో తేలాలి. ఇవన్నీ కంప్యూటరుతో పాటే వచ్చే స్క్రిప్టింగ్‌తో (చేయవలసిన ఆజ్ఞలను ఒక ఫైలులో వరుసగా రాసి నడిపించే పద్ధతితో), అంటే విండోస్‌లో బ్యాచ్ ఫైలు లేదా పవర్‌షెల్‌తో, లినక్స్‌లో బాష్‌తో చేయవచ్చు; పైథాన్ వంటి పూర్తి స్థాయి ప్రోగ్రామింగ్ భాషలోనూ చేయవచ్చు. రెండు దారులూ తెరిచి ఉన్నప్పుడు ఏది పట్టాలన్నదే చిక్కు. తప్పు దారి పట్టిన సంగతి మొదటి రోజున తెలియదు. ఆరు నెలలు గడిచాక, అదీ యజమాని ఊళ్లో లేని రోజున తెలుస్తుంది.

స్క్రిప్టు వంద వరుసలు దాటితే భాష మార్చమనే సలహా చాలామంది వినే ఉంటారు. గూగుల్ సంస్థ బయట పెట్టిన షెల్ (మన ఆజ్ఞలను అందుకుని నడిపే ప్రోగ్రాము) శైలీ నియమావళిలో కూడా ఆ మాట ఉంది. హద్దుగా అది మంచిదే కానీ, పొడవు ఒక్కటే చూస్తే మోసపోతాము. పన్నెండు వరుసల బ్యాచ్ ఫైలు ఒక మండీ లెక్కలను తారుమారు చేయడం నేను చూశాను. రెండు వందల వరుసల బాష్ స్క్రిప్టు ఏళ్ల తరబడి ఒక్క రోజూ మొరాయించకుండా బ్యాకప్ తీయడమూ చూశాను. అందువల్ల వరుసలు లెక్కపెట్టే ముందు నేను వేసుకునే ప్రశ్న వేరు: ఈ పని ఫైళ్లను బయటి నుంచి పట్టుకుంటుందా, లేక విప్పి లోపల ఉన్నది చదువుతుందా?

ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్‌కు కవరు మీది చిరునామా చాలు. లోపల శుభలేఖ ఉందో బాకీ నోటీసు ఉందో ఆయనకు అనవసరం. ఆ ఉత్తరాన్ని చదివి, లెక్క వేసి, జవాబు రాయవలసిన గుమాస్తా పని వేరు. కాపీ చేయడం, పేరు మార్చడం, పాతవి చెరపడం, జిప్ చేయడం, ఒక ప్రోగ్రాము ముగిశాక మరొకదాన్ని మొదలుపెట్టడం పోస్ట్‌మాన్ పనులు, వాటికి స్క్రిప్టే తగినది. వరుసలోని మూడో గడిలో ఏముందో చూసి, దాన్ని బట్టి నాలుగో గడిని గుణించి, ఫలితాన్ని డబ్బుగా చెప్పడం గుమాస్తా పని, దానికి భాష కావాలి. తొంభై శాతం సందర్భాల్లో ఈ ఒక్క ప్రశ్నతోనే విషయం తేలిపోతుందని నా అనుభవం. మిగిలిన వాటి కోసమే ఈ వ్యాసం ఇంత పొడవు.

ఈ తేడా ఊరికే వచ్చింది కాదు. షెల్ అన్నది మనిషి కీబోర్డు ముందు కూర్చుని ఒక్కొక్క ఆజ్ఞ ఇవ్వడానికి పుట్టినది. బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెక్‌ల్‌రాయ్ ఆలోచన మేరకు 1973లో యూనిక్స్‌లోకి పైపు వచ్చి, ఒక ప్రోగ్రాము వెలువరించిన అక్షరాలు నేరుగా మరొక ప్రోగ్రాములోకి పారడం మొదలైంది. 1979లో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్, దాని బాటలో 1989లో బ్రయాన్ ఫాక్స్ రాసిన బాష్ ఆ పారుదలను నడిపించే కాలువ గట్లు. ఆ కాలువలో పారేదంతా అక్షరాలే; సంఖ్య, తేదీ, డబ్బు అనే భేదాలు అక్కడ లేవు. 1991లో గిడో వాన్ రోసమ్ విడుదల చేసిన పైథాన్‌లో ఆ భేదాలే పునాది. మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చిన పవర్‌షెల్ ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది: అది షెల్లే అయినా, దాని పైపులో పారేవి ఉత్త అక్షరాలు కావు, తేదీ తేదీగా, ఫైలు ఫైలుగా పారుతాయి. ఆ నడిమి మెట్టును మరిచి, బ్యాచ్ ఫైలు చెడిందనగానే పైథాన్‌కు పరుగెత్తే వారే ఎక్కువ.

ఆగస్టులో మాత్రమే చెడే స్క్రిప్టు

చిత్తూరులోని ఒక మామిడి మండీకి కొన్నేళ్ల కిందట నేనే ఒక బ్యాచ్ ఫైలు రాసి ఇచ్చాను. నెల మారగానే గడిచిన నెల ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడమే దాని పని. ఫోల్డర్ల పేర్లు 04, 05, 06 అని నెలల వారీగా ఉండేవి. స్క్రిప్టు ఆ రోజు తేదీలోంచి నెల అంకెను తీసి, ఒకటి తగ్గించి, ముందు సున్నా చేర్చి ఫోల్డరు పేరు తయారు చేసుకునేది. బేనీషా కాయతో మొదలై బెంగళూర కాయ ముమ్మరంగా వచ్చే జూలై దాకా అది చక్కగా నడిచింది. ఆగస్టు మొదటి తేదీన మండీ పెద్దాయన ఫోన్ చేసి, “నిన్నటి దాకా బాగానే ఉండె కదా నాయనా, నెల మారినాంక దీనికేమొచ్చె?” అన్నారు. పెన్‌డ్రైవ్ నిండిపోయింది, కంప్యూటరు గంట నుంచి కాపీ చేస్తూనే ఉంది.

జరిగినది ఇది. బ్యాచ్ ఫైలులో లెక్క వేసే ఆజ్ఞ, ముందు సున్నా ఉన్న సంఖ్యను ఎనిమిది ఆధారంగా గల సంఖ్యగా, అంటే ఆక్టల్‌గా చదువుతుంది. ఆక్టల్‌లో 0 నుంచి 7 వరకే అంకెలు ఉంటాయి గనుక 07 చెల్లుతుంది, 08 చెల్లదు. ఆగస్టు రాగానే 08 నుంచి ఒకటి తీయమంటే అది తప్పు సంఖ్య అని ఒక వరుస తెర మీద చూపించి, తర్వాతి వరుసకు వెళ్లిపోయింది. ఫోల్డరు పేరు ఉండవలసిన చోట ఏమీ లేదు. ఏమీ లేకపోయేసరికి దారి పై ఫోల్డరు దగ్గరే ఆగి, ఏళ్ల నాటి లెక్కలన్నీ కలిపి కాపీ కావడం మొదలైంది. ఇదే తప్పు సెప్టెంబరులోనూ జరుగుతుంది, అక్టోబరులో 10 వస్తుంది గనుక మాయమవుతుంది, జనవరిలో 01 నుంచి ఒకటి తీస్తే సున్నా నెల వచ్చి మరో రూపంలో తలెత్తుతుంది. బాష్‌లోనూ ఇదే గుంట ఉంది. తిరుపతి ఎస్టీడీ కోడు 0877ను, చిత్తూరు కోడు 08572ను బాష్ లెక్కలో పెట్టి చూడండి, రెండూ ఎర్రరే ఇస్తాయి.

దీనికి చిట్కాలు లేకపోలేదు. బ్యాచ్‌లో అంకె ముందు 1 చేర్చి తర్వాత 100 తీసేయడం, బాష్‌లో సంఖ్య ముందు 10, హ్యాష్ గుర్తు పెట్టడం వాడుకలో ఉన్నవే. అయితే చిట్కా అవసరపడిందంటే పోస్ట్‌మాన్ కవరు విప్పడం మొదలుపెట్టాడని అర్థం. తేదీని అక్షరాలుగా కోసి లెక్క వేయడం లోపలికి తొంగిచూసే పనే. నేను ఆ స్క్రిప్టును పైథాన్‌లోకి మార్చలేదు. పవర్‌షెల్‌లో ఈ రోజు తేదీకి నెలలు కలిపే ఆజ్ఞకు మైనస్ 1 ఇస్తే, జనవరి నుంచి డిసెంబరుకు వెనక్కి వెళ్లడం కూడా అదే చూసుకుంటుంది. ఒక్క వరుసతో పోయింది. బ్యాచ్‌లో తేదీని కోసేటప్పుడు మరో ఇబ్బంది ఉంది: ఆ తేదీ రూపం ఆ కంప్యూటరు ప్రాంతీయ సెట్టింగును బట్టి మారుతుంది. కాబట్టి ఒక యంత్రంలో నెల వచ్చే చోట మరో యంత్రంలో రోజు వస్తుంది.

ఈ కథలో నన్ను భయపెట్టినది ఆక్టల్ కాదు, తప్పు జరిగాక కూడా స్క్రిప్టు ముందుకు సాగిపోవడం. కీబోర్డు ముందు మనిషి ఉన్నప్పుడు అది సౌకర్యమే. ఒక ఆజ్ఞ తప్పితే చూసి సరిదిద్దుకుంటాడు. రాత్రి పది గంటలకు ఎవరూ లేని గదిలో అది ప్రమాదం. 2015లో ఒక పేరున్న ఆటల సాఫ్ట్‌వేర్ లినక్స్ రూపంలోని షెల్ స్క్రిప్టు, తన ఫోల్డరు చిరునామా ఖాళీగా ఉన్నప్పుడు దాని కింద ఉన్నవన్నీ చెరపమనే ఆజ్ఞను యథాతథంగా అమలు చేయగా, ఖాళీ చిరునామా కింద ఉన్నవంటే డిస్కు మీదివన్నీ అని అర్థమై, వాడుకదారుల సొంత ఫైళ్లు పోయాయి. అందుకే స్క్రిప్టే తగినదని తేల్చుకున్నా, తప్పు జరిగిన చోటే ఆగేలా దానికి కళ్లెం వేయాలి. బాష్‌లో సెట్ ఆజ్ఞతో ఈ, యు అనే రెండు ఐచ్ఛికాలను, పైప్‌ఫెయిల్‌ను మొదటి వరుసలోనే పెట్టాలి; పవర్‌షెల్‌లో ఎర్రర్ యాక్షన్ ప్రిఫరెన్సును స్టాప్‌గా ఉంచాలి; బ్యాచ్‌లో ప్రతి ముఖ్యమైన వరుస తర్వాత ఎర్రర్ లెవెల్‌ను, అంటే ఆ ఆజ్ఞ ముగింపు సంకేతాన్ని, చూడాలి. షెల్‌చెక్ అనే ఉచిత సాధనం బాష్ స్క్రిప్టును చదివి కోట్ గుర్తులు మరచిన చోట్లను చూపిస్తుంది. దాన్ని నడపకుండా ఏ బాష్ స్క్రిప్టూ ఇతరులకు ఇవ్వకూడదని నా నియమం.

కోట్ గుర్తుల మాట వచ్చింది గనుక ఒక్కటి చెప్పి ముందుకు సాగుతాను. మన వాళ్ల ఫైళ్ల పేర్లలో ఖాళీలు తప్పనిసరి. “బెంగళూర జూన్ లెక్క” అనే ఫైలును బాష్ చరరాశిలో ఉంచి, కోట్ గుర్తులు లేకుండా చెరిపే ఆజ్ఞకు ఇస్తే, అది బెంగళూర, జూన్, లెక్క అనే మూడు ఫైళ్లుగా చీలిపోతుంది. ఆ పేర్లతో ఫైళ్లు లేకపోతే ఎర్రరుతో బతికిపోతాము, ఉంటే అవి పోతాయి.

డబ్బు లెక్క వచ్చిన చోట

రైతు తెచ్చిన కాయ 3,420 కిలోలు, ధర కిలో 12 రూపాయల 50 పైసలు అనుకుందాము. మొత్తం 42,750 రూపాయలు. దీన్ని బ్యాచ్ ఫైలులో వేయలేము. దానికి పూర్ణ సంఖ్యలే తెలుసు. బాష్‌కూ అంతే. పైసల్లోకి మార్చి 42,75,000 అని లెక్కించవచ్చునని తెలివైన వారు అంటారు. బ్యాచ్ ఫైలు లెక్క 32 బిట్లకే పరిమితం గనుక 2,14,74,83,647 దాటగానే మొత్తం తిరగబడి మైనస్‌లోకి పోతుంది. పైసల్లో ఆ సంఖ్య అంటే సుమారు రెండు కోట్ల పదిహేను లక్షల రూపాయలు. మంచి సీజనులో ఒక మోస్తరు మండీ మొత్తం దాన్ని దాటడం వింత కాదు, పైగా దాటినప్పుడు ఒక్క ఎర్రరూ రాదు. బాష్‌ది 64 బిట్ల లెక్క గనుక ఆ భయం లేదు, కానీ ప్రతి చోటా వందతో గుణించి భాగించే తలనొప్పి అలాగే ఉంటుంది.

పవర్‌షెల్‌కు దశాంశాలు వచ్చు. అక్కడి చిక్కు వేరు, అది కొంచెం లోతుగా చూడదగినది. గడులను కామాలతో విడదీసి రాసే సీఎస్‌వీ ఫైలును చదివే ఆజ్ఞ ప్రతి గడినీ అక్షరాలుగానే అందిస్తుంది. అక్షరాలైన 3420కి సంఖ్య అయిన 80ని కలపమంటే పవర్‌షెల్ ఎడమ వైపున్న దాన్ని చూసి, ఇది అక్షరాల వ్యవహారం అనుకుని, రెండింటినీ అతికించి 342080 ఇస్తుంది. అంటే మూడున్నర టన్నుల కాయ మూడు వందల నలభై రెండు టన్నులైంది. అదే తప్పు పైథాన్‌లో చేస్తే, అక్షరాలకు సంఖ్యను కలపడం కుదరదని చెప్పి అక్కడే ఆగిపోతుంది. సహాయం చేయబోయి మౌనంగా తప్పు చేసే పనివాడికంటే, అర్థం కాలేదని ఆగి అడిగే పనివాడే డబ్బు దగ్గర నయం. పవర్‌షెల్‌లో ఎడమ వైపున సంఖ్య రకాన్ని స్పష్టంగా రాస్తే ఇది జరగదు. రాసేవారు ప్రతిసారీ గుర్తుంచుకోవలసి రావడమే ఇబ్బంది.

పైథాన్‌కు మారినంత మాత్రాన డబ్బు లెక్క దానంతట అది సరిపోదు. మామూలు దశాంశాల్లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, అందుకే డబ్బుకు డెసిమల్ మాడ్యూలు (పైథాన్‌తో పాటే వచ్చే సిద్ధపు కోడు) వాడాలి. అర్ధ రూపాయిని సవరించే పద్ధతి మరో మెలిక. 42,750.50ని పైథాన్ రౌండ్ చేస్తే 42,750 వస్తుంది, 42,751.50ని చేస్తే 42,752 వస్తుంది. సరిగ్గా సగం వద్ద దగ్గరి సరి సంఖ్యకు మళ్లడం దాని నియమం. పవర్‌షెల్ వాడే గణిత ఫంక్షనూ అదే చేస్తుంది. మండీలో అర్ధ రూపాయి వస్తే పైకి సవరించడం వాడుక. ఒక రైతుకు అర్ధ రూపాయి తగ్గి పక్క రైతుకు పెరిగిందంటే, పోయినది అర్ధ రూపాయే అయినా పోయే మాట పెద్దది. డెసిమల్‌లో సగాన్ని పైకి సవరించే పద్ధతిని పేరు పెట్టి అడగవచ్చు. ఇలాంటి నియమాన్ని పేరు పెట్టి రాయగలగడమే, నా దృష్టిలో, భాషను ఎంచుకోవడానికి అసలైన కారణం. తరుగు ఎంత, కమీషన్ ఎంత, బాడుగ ఎవరిది, హమాలీ ఎవరిది అన్న షరతులు ఒక్కొక్కటిగా చేరుతున్న కొద్దీ, ప్రతి షరతుకూ ఒక ఫంక్షను ఉండి, దాన్ని విడిగా పరీక్షించే వీలుండాలి. నాలుగు పాత చీటీలను చేత్తో లెక్క వేసి, ఆ ఫలితాలతో పోల్చి చూసే చిన్న పరీక్ష పైథాన్‌లో పది నిమిషాల పని. బ్యాచ్ ఫైలుకు పరీక్ష రాసిన వారిని నేను ఇంతవరకు చూడలేదు.

కామాలు, తెలుగు అక్షరాలు

చిరునామాలున్న జాబితా చేతికి వస్తే స్క్రిప్టు గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. “గాంధీ రోడ్డు, తిరుపతి, 517501” అనే గడిలోనే రెండు కామాలున్నాయి. ఎక్సెల్ ఆ గడిని కోట్ గుర్తుల మధ్య పెట్టి జాగ్రత్త పడుతుంది కానీ, కామా దగ్గర కోసే కట్ ఆజ్ఞకు ఆ సంగతి తెలియదు. ఒక గడి మూడు గడులై, ఫోన్ నంబరు ఉండవలసిన చోట పిన్‌కోడ్ వస్తుంది. పవర్‌షెల్‌లోని సీఎస్‌వీ ఆజ్ఞకు, పైథాన్‌లోని సీఎస్‌వీ మాడ్యూలుకు ఈ జ్ఞానం ఉంది. లినక్స్ సాధనాల్లో 1977 నాటి ఆక్ నాకు ఎంతో ఇష్టమైనది. గడులు సూటిగా విడిపోయే లాగ్ ఫైళ్లలో దానికి సాటి లేదు. కోట్ గుర్తుల సీఎస్‌వీ మాత్రం దానికి ఇవ్వను.

తెలుగు దగ్గర మరింత జాగ్రత్త కావాలి. తిరుపతి అన్న మాటలో చదివేవారికి కనిపించేవి నాలుగు అక్షరాలు. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో హల్లుకు ఒక సంకేతం, గుణింతపు గుర్తుకు మరొకటి గనుక అవి ఏడవుతాయి. ఆ సంకేతాలను ఫైలులో రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి గనుక ఫైలులో అవి ఇరవై ఒకటి. బైట్లను లెక్కపెట్టే సాధనం 21 అంటుంది, పైథాన్ 7 అంటుంది, నాలుగు అన్నది ఏదీ అడగకుండా చెప్పదు. పేరును పది బైట్ల దగ్గర కోసి వరుస సరిచేసే స్క్రిప్టు, నాలుగో సంకేతాన్ని మధ్యలో నరికి ప్రశ్నార్థకపు డబ్బాను ముద్రిస్తుంది. పైథాన్‌లో కోస్తే డబ్బా రాదు కానీ, ఆరో సంకేతం దగ్గర కోస్తే తిరుపతి కాస్తా తిరుపత అవుతుంది. అక్షరాల నమూనాలతో వెతికే పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో పదాన్ని వెతికే గుర్తు కూడా గుణింతాలను అక్షరాలుగా లెక్కించదు. తిరుపతిని ఇస్తే త, ర, పత అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. అక్కడ తెలుగు యూనికోడ్ పరిధిని మనమే రాయాలి. భాష మారితే పని పూర్తయినట్టు కాదు. సరిదిద్దుకునే చోటు దొరికినట్టు.

విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో ఇంకొక ఉచ్చు ఉంది. ఫైలులోకి రాసే ఒక ఆజ్ఞ యూటీఎఫ్-16లో రాస్తే, మరొక ఆజ్ఞ ఆ కంప్యూటరు పాత కోడ్ పేజీలో (యూనికోడ్‌కు ముందటి అక్షర పట్టికలో) రాస్తుంది. రెండో దానిలో తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారి, తిరిగి తెచ్చుకోలేని విధంగా పోతాయి. స్క్రిప్టు ఫైలులోనే తెలుగు మాటలుంటే, దాన్ని బీఓఎం (ఫైలు మొదట్లో ఉండే ఎన్‌కోడింగ్ గుర్తు) లేని యూటీఎఫ్-8గా భద్రపరచినప్పుడు 5.1 తప్పుగా చదువుతుంది. విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే పవర్‌షెల్ 7 ఈ రెండు విషయాల్లోనూ బుద్ధిగా ఉంటుంది.

ఆ గదిలోని యంత్రంలో ఏముంది?

పని స్వభావం తేలాక చూడవలసినది యంత్రాన్ని. స్క్రిప్టుకున్న పెద్ద బలం అది ముందే అక్కడ ఉండటం. విండోస్ 10, 11లలో పవర్‌షెల్ 5.1 ఉంటుంది, పైథాన్ ఉండదు. కమాండ్ ప్రాంప్టులో పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోరు తెరుచుకుంటుంది, అది చూసి పైథాన్ ఉందనుకున్న వారున్నారు. పైథాన్ 3.8 తర్వాతివి విండోస్ 7లో నడవవు, మన బజారు దుకాణాల్లో విండోస్ 7 యంత్రాలు ఇంకా ఊపిరి పీలుస్తూనే ఉన్నాయి. ఇరవై యంత్రాలున్న లాడ్జీల గొలుసులో చిన్న పోస్ట్‌మాన్ పని కోసం ఇరవై చోట్లా పైథాన్ ఎక్కించి, నవీకరించుకుంటూ ఉండటం వృథా శ్రమ. ఒకే యంత్రంలో జరిగే లెక్కల పనికైతే ఒకసారి ఎక్కించడం పెద్ద భారం కాదు. అప్పుడు కూడా వీలైనంత వరకు పైథాన్‌తో పాటే వచ్చే మాడ్యూళ్లతోనే సరిపెట్టుకోండి. సీఎస్‌వీ, డెసిమల్, ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేసు) మూడూ అందులోనే ఉన్నాయి. బయటి ప్యాకేజీ ఒక్కటి చేరినా, కంప్యూటరు మార్చిన రోజున దాన్ని వెతికి పెట్టేవారు కావాలి.

పవర్‌షెల్ స్క్రిప్టు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే అది నడవదు, ఎడిటరులో తెరుచుకుంటుంది. ఇళ్లలో, దుకాణాల్లో వాడే విండోస్‌లో స్క్రిప్టులు నడపనివ్వని ఎగ్జిక్యూషన్ పాలసీయే మొదటి నుంచీ అమలులో ఉంటుంది. కాబట్టి దాన్ని పిలిచే రెండు వరుసల బ్యాచ్ ఫైలు ఒకటి పక్కన ఉంచడం రివాజు. విండోస్‌లోని పాత స్క్రిప్టు భాష వీబీస్క్రిప్టులో కొత్తగా ఏదీ రాయకండి, దాన్ని సాగనంపుతున్నట్టు మైక్రోసాఫ్ట్ 2023లోనే ప్రకటించింది.

లినక్స్ వైపు, కాలేజీ ల్యాబుల్లో కనిపించే ఉబుంటులో ఎస్‌హెచ్ అనే పేరుతో పిలిచే షెల్ బాష్ కాదు. 2006 నుంచి అది డ్యాష్ అనే మరో షెల్. బాష్‌లో రాసిన అర్రేలు (విలువల జాబితాలు) ఎస్‌హెచ్‌తో నడిపితే పగులుతాయి. చేత్తో నడిపితే బాగుండి క్రాన్‌లో (పనులను వేళకు నడిపే లినక్స్ సాధనంలో) పెడితే చెడే స్క్రిప్టులకు చాలాసార్లు కారణం ఇదే, లేదా క్రాన్‌కు తెలిసిన పాత్ (ప్రోగ్రాములను వెతికే ఫోల్డర్ల జాబితా) మన టెర్మినల్‌కు తెలిసినదానికంటే చిన్నది కావడం. మ్యాక్‌లో ఉన్న బాష్ 3.2 శ్రేణిది, 2006 నాటి సరుకు. కొత్త బాష్ వసతులు అందులో ఉండవు.

ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి

నడుస్తున్న స్క్రిప్టును మార్చవలసిన వేళ వచ్చిందని చెప్పే సూచనల్లో నేను మొదట నమ్మేది ఒకటుంది: మీ స్క్రిప్టులో ఆజ్ఞలకంటే, ఆజ్ఞలు వెలువరించిన అక్షరాలను కోసే వరుసలు ఎక్కువయ్యాయా? అయితే అది గుమాస్తా పనిలోకి జారింది. ఒకే షరతును రెండు చోట్ల రాయవలసి రావడం, ఒక జాబితాను మరొక జాబితాతో పోల్చవలసి రావడం, జాబితాలో ప్రతి వరుసకూ ఒక కొత్త ప్రోగ్రామును లేపడం వల్ల పదివేల వరుసలకు అరగంట పట్టడం ఆ తర్వాతి సూచనలు.

ఎదురు దిక్కున జరిగే తప్పును ఎవరూ తప్పుగా ఎంచరు. పైథాన్ వచ్చిన ఉత్సాహంలో, నలభై వరుసల ప్రోగ్రాము రాసి, అందులో ముప్పై వరుసలు వ్యవస్థ ఆజ్ఞలను పిలవడానికే వాడే కుర్రవాళ్లను చూస్తుంటాను. కాపీ పనికి విండోస్‌తో పాటే వచ్చే రోబోకాపీ ఉండగా పైథాన్‌లో కాపీ లూపు రాయడం అనవసరం. మధ్యలో నెట్‌వర్కు తెగితే మళ్లీ ప్రయత్నించడం, మారిన ఫైళ్లను మాత్రమే తీసుకోవడం దానికి ముందే వచ్చు. దాని గుణాలు రెండు తెలుసుకుని వాడాలి. మిర్రర్ ఐచ్ఛికం, మూలంలో లేనివాటిని గమ్యంలో చెరిపేస్తుంది గనుక, మూలమూ గమ్యమూ తారుమారైతే బ్యాకప్ పేరుతో అసలుకే ఎసరు వస్తుంది. రెండోది, దాని ముగింపు సంకేతాలు లోక విరుద్ధం: సున్నా అంటే కాపీ చేయవలసినది ఏదీ లేదని, ఒకటి అంటే ఫైళ్లు చక్కగా కాపీ అయ్యాయని, ఎనిమిది లేదా అంతకు పైన ఉంటేనే వైఫల్యమని అర్థం. పనులను వేళకు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలరు చివరి ఫలితం గడిలో 1 చూసి బ్యాకప్ చెడిందని కంగారు పడి ఫోన్ చేసిన వారికి నేను ఇదే చెబుతూ వచ్చాను. చివరకు విసిగి, ఎనిమిదికి తక్కువైతే సున్నాగా మార్చే ఒక వరుసను ప్రతి బ్యాచ్ ఫైలు చివరా చేర్చడం అలవాటు చేసుకున్నాను.

మార్చేటప్పుడు మొత్తాన్ని ఒక్కసారిగా తిరగరాయకండి. పోస్ట్‌మాన్‌ను పోస్ట్‌మాన్‌గానే ఉంచి, కవరు విప్పే భాగాన్ని మాత్రం తీసి పైథాన్‌కు అప్పగించండి. ఆ మండీలో ఇప్పుడున్న ఏర్పాటు ఇదే. బయట ఎనిమిది వరుసల బ్యాచ్ ఫైలు ఉంది. అది మొదట పైథాన్ ప్రోగ్రామును పిలుస్తుంది, అది సున్నా తిరిగి ఇస్తేనే రోబోకాపీని పిలుస్తుంది. తూకం చీటీలు, తరుగు, కమీషన్ లెక్కలన్నీ పైథాన్ లోపల ఉన్నాయి. ఫైళ్లు ఎక్కడికి పోతాయో దానికి తెలియదు. కొత్తది పెట్టిన మొదటి నెలంతా పాత లెక్కను కూడా పక్కనే నడిపించి, రోజూ రెండు మొత్తాలను పోల్చాము. తేడా వచ్చిన మూడు రోజుల్లో రెండుసార్లు పాతదే తప్పు, ఒకసారి నాది.

షెడ్యూలరులో పెట్టే ముందు రెండు చోట్ల చూసుకోండి. టాస్క్ షెడ్యూలరులో మొదలయ్యే ఫోల్డరు గడిని ఖాళీగా వదిలితే ప్రోగ్రాము విండోస్ సిస్టమ్ ఫోల్డరులో నిలబడి మీ ఫైళ్లను వెతుకుతుంది, దొరకవు. ఆ గడిలో ఫోల్డరు దారిని కోట్ గుర్తులు లేకుండా నింపండి. తెర మీద తెలుగును చక్కగా చూపించే పైథాన్ ప్రోగ్రాము, అదే మాటలను లాగ్ ఫైలులోకి మళ్లించినప్పుడు విండోస్ పాత కోడ్ పేజీని పట్టుకుని యూనికోడ్ ఎర్రరుతో కూలిపోతుంది. పగలు నేను పరీక్షించినప్పుడు నడిచి, రాత్రి షెడ్యూలరులో కూలినది ఇందుకే. మళ్లింపు మీద ఆధారపడకుండా లాగ్ ఫైలును ప్రోగ్రాములోనే యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పి తెరవండి. ఎక్సెల్‌లో తెరవబోయే సీఎస్‌వీ అయితే బీఓఎంతో కూడిన యూటీఎఫ్-8 అని చెప్పండి, లేకపోతే పేర్లు పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి. మండీ పెద్దాయన పొద్దున్నే డెస్క్‌టాప్ మీది ఆ లాగ్ తెరిచి, చివరి వరుసలో నిన్నటి తేదీ, చీటీల సంఖ్య, మొత్తం రూపాయలు ఉన్నాయో లేవో చూసుకుంటారు. ఆ వరుస లేని రోజు నాకు ఫోన్ వస్తుంది.